బంతి తీసేసినా ఆట మిగులుతుంది

హరుయిచి ఫురుదాతే గీసిన 'హైక్యూ' జపాన్ వారపత్రిక 'షోనెన్ జంప్'లో 2012 ఫిబ్రవరిలో మొదలై 2020 జూలైలో ముగిసింది. 402 అధ్యాయాలు, 45 సంపుటాలు. మియాగి ప్రాంతంలో కరాసునో అనే హైస్కూలు, ఒకప్పుడు వెలిగి మసకబారిన దాని వాలీబాల్ జట్టు, పొట్టివాడైనా నెట్‌కు పైన ఏముందో చూసి తీరాలని తపించే షోయో హినాటా, బంతిని వెంట్రుకవాసి తేడా లేకుండా అందించగల టోబియో కగెయామా. స్థూలంగా కథ ఇది. ఇందులోని మనుషులనే తీసుకుని, కోర్టునూ నెట్‌నూ చెరిపేసి, కత్తులూ మంత్రాలూ రాక్షసరాజులూ ఉన్న లోకంలో వదిలితే వచ్చిన ఊహాప్రపంచం 'ఫైనల్ హైక్యూ క్వెస్ట్'. ఇది అధికారికంగా వచ్చిన బొమ్మల్లోనే ఉంది. ఆ బొమ్మల మీద అభిమానులు అల్లుకున్న కథలకు లెక్కలేదు. దీని గురించి బాగా స్థిరపడిపోయిన అభిప్రాయం ఒకటుంది. ఆటల మాంగా గొప్పదనమంతా అందులో మంత్రం లేకపోవడంలోనే ఉందనీ, 162 సెంటీమీటర్ల కుర్రాడు 2.43 మీటర్ల నెట్ మీద నుంచి బంతి కొట్టాలంటే మోకాళ్లు అరిగేలా దూకడం తప్ప వేరే దారి లేదనీ, అదే కుర్రాడి చేతికి మంత్రఖడ్గం ఇస్తే ఆ కష్టానికి విలువే పోతుందనీ, కాబట్టి ఇది పిల్లల కాలక్షేపం, బొమ్మలు అమ్ముకునే ఎత్తుగడ, మూలకథకు ద్రోహం అనీ ఆ వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ హైక్యూను శ్రద్ధగా చదివితే ఈ వాదన నిలబడదు. మూలకథలో ఆట పేరుతో ఫురుదాతే కట్టిన మానవ సంబంధాలు ఎంత గట్టివో బంతి తీసేసి పరీక్షించే పద్ధతి ఈ ఫాంటసీ రూపం. ఆ పరీక్షలో మూలకథ నెగ్గుతోంది కనుకే ఇన్ని కథలు పుడుతున్నాయి.

ముందు మూలాన్నే చూద్దాం. ఈ ఫాంటసీ భాషను అభిమానులు ఎక్కడి నుంచో తెచ్చి హైక్యూ మీద రుద్దలేదు. మిడిల్ స్కూల్లో కగెయామాకు తోటివాళ్లు పెట్టిన పేరు 'కోర్టు రాజు'. అది మెచ్చుకుని పెట్టిన పేరు కాదు, నలుగురినీ తన వేగానికి లాక్కుపోయే నియంత అని ఎత్తిపొడుపు. ఫురుదాతే ఆ పేరును మాటల్లో వదిలేయకుండా అతని నెత్తిన కిరీటం, భుజాన అంగీ గీసి మరీ చూపించాడు. ప్రత్యర్థి జట్టు అఓబా జోసాయ్ సారథి తోరు ఓయికావాను హినాటా ఏకంగా 'మహారాజు' అంటాడు. ఎందుకంటే రాజు అప్పటికే తమ జట్టులో ఉన్నాడు, ఆ రాజు చూసి ఆట నేర్చుకున్నంత పెద్దవాడు ఇతను. నెకోమా జట్టులో కెన్మా చేతిలోంచి వీడియోగేమ్ దిగదు. ఎదుటి జట్టును అతను గేమ్‌లో కొత్త దశను చదివినట్టు చదువుతాడు. ఓడితే మళ్లీ మొదలుపెట్టడానికి వీల్లేని మ్యాచ్ కోసం హినాటా, కెన్మా ఎదురుచూసే తీరే 2024లో వచ్చిన సినిమాకు ప్రాణం. రాజు, మహారాజు, గేమ్ అన్నీ మూలంలోనే ఉన్నాయి. ఓయికావాను రాక్షసరాజు సింహాసనం మీద కూర్చోబెట్టిన చేయి, ఫురుదాతే వేసిన బాటలోనే ఒక అడుగు ముందుకు వేసింది.

వీటన్నిటికంటే బలమైన సాక్ష్యం హితోకా యాచిది. కరాసునో జట్టు పనులు చూసుకునే మేనేజర్‌గా చేరమని పిలిస్తే ఆమె భయపడిపోతుంది. తనను తాను 'ఊరివాసి బి' అనుకుంటుంది. పాతకాలపు వీడియోగేముల్లో వీరుడు ఊళ్లోకి వచ్చినప్పుడు పేరు కూడా లేకుండా నిలబడి ఒక్క మాట చెప్పి ఊరుకునే పాత్ర అది. తాను ఏ కథకూ నాయిక కాలేనని ఆమె నమ్మకం. హినాటా ఆమె భయాన్ని కొట్టిపారేయడు, పాత్రను మార్చుకోమని సలహా ఇవ్వడు. ఊరివాసి బి కూడా తన ఊరిని కాపాడుకోవడానికి పోరాడగలదంటాడు. ఆ తర్వాత యాచి, పనిలో తలమునకలైన తన తల్లిని వెతుక్కుంటూ పరుగెత్తి, నలుగురూ తిరిగే చోట నిలబడి, ఊరివాసి బి కూడా పోరాడుతుందని గొంతెత్తి అరుస్తుంది. హైక్యూ రెండో సీజన్‌లో ఒక ఎపిసోడ్‌కు పేరు కూడా ఈ పాత్ర మీదే పెట్టారు. బంతి ముట్టుకోని అమ్మాయి తన జీవితంలో తీసుకున్న మొదటి పెద్ద నిర్ణయానికి ఫురుదాతే ఎంచుకున్నది సాహసయాత్రల గేముల భాష. ఫాంటసీ లోకం మూలానికి పరాయిదనేవారు ఈ ఘట్టాన్ని ఏమని వివరిస్తారు?

అసలు మంత్రం అంటని స్వచ్ఛమైన ఆటల మాంగా ఎన్నడైనా ఉందా? 1966లో ఇక్కీ కజివారా రచనతో, నోబొరు కవసాకి బొమ్మలతో మొదలైన 'క్యోజిన్ నో హోషి' జపాన్ ఆటల మాంగాకు పునాది రాళ్లలో ఒకటి. అందులో నాయకుడు విసిరే బంతి బ్యాటర్ కళ్లముందే మాయమైపోతుంది. అలాంటి మాయబంతుల కోసమే ఆనాటి పిల్లలు పత్రిక కొన్నారు. 1999లో మొదలైన 'ప్రిన్స్ ఆఫ్ టెన్నిస్'లో తెజుకా అనే ఆటగాడు అడుగు కదపకుండా నిలబడితే ఎదుటివాడు కొట్టిన ప్రతి బంతీ సుడి తిరిగి అతని దగ్గరికే వచ్చి చేరుతుంది. ఇక సాహసయాత్రల గేముల విషయం. 1986లో 'డ్రాగన్ క్వెస్ట్' తయారుచేసిన యూజీ హోరీ షోనెన్ జంప్‌కు రాసిన మనిషి. దానికి బొమ్మలు గీసిన అకిరా తోరియామా అప్పటికి అదే పత్రికలో 'డ్రాగన్ బాల్' గీస్తున్నాడు. వీరుడు, మంత్రగాడు, వైద్యుడు కలిసి బయలుదేరే కథనూ, హైస్కూలు జట్టు జాతీయ పోటీలకు బయలుదేరే కథనూ చదివి పెరిగింది ఒకే పాఠకులు. ఈ రెండు రకాల కథలూ వేరు వేరు ఇళ్లలో పుట్టాయని అనుకోవడం చరిత్ర తెలియక చేసే పొరపాటు.

హైక్యూ ఆ దారిలో పోలేదు, నేల విడిచి సాము చేయలేదు అని ఇక్కడ వాదించేవారుంటారు. ఆ మాటలో చాలా నిజం ఉంది. అయినా హినాటా, కగెయామాల తొలి క్విక్ దాడిని గుర్తు చేసుకోండి. హినాటా కళ్లు గట్టిగా మూసుకుని ఉన్న శక్తినంతా కూడగట్టి గాల్లో చేయి విసురుతాడు. కగెయామా అందించిన బంతి సరిగ్గా ఆ అరచేతిలోకి వచ్చి వాలుతుంది. ఏ కోచ్ ఏ కోర్టులోనూ దీన్ని నేర్పలేడు. ఇది మంత్రమే. కానీ ఫురుదాతే ఆ మంత్రాన్ని ఏం చేశాడన్నదే అసలు విషయం. ఓటమి తర్వాత హినాటా ఇక కళ్లు మూసుకోనని, గాల్లో ఉండగా తాను కూడా ఆలోచించి కొట్టాలని పట్టుబడతాడు. కగెయామా ఒప్పుకోడు. ఇద్దరూ కలబడి కొట్టుకుంటారు. తర్వాత ఇద్దరూ వేరు వేరుగా వారాల తరబడి సాధన చేసి, కొట్టే చేయి ఎత్తిన చోట బంతి ఒక్క క్షణం ఆగినట్టు కిందికి వాలే కొత్త పద్ధతిని పట్టుకుంటారు. మంత్రం ఉన్నంత మాత్రాన శ్రమకు విలువ పోలేదు. మంత్రానికి కూడా మూల్యం చెల్లించాల్సి వచ్చింది. కథ మంచిచెడ్డలను తేల్చేది ఈ మూల్యమే. ఫాంటసీలో కత్తి ఉందా లేదా అని కాదు, ఆ కత్తి ఎత్తడానికి ఆ మనిషి ఏం వదులుకున్నాడని అడగాలి.

ఇంతకూ వాలీబాల్‌కు ఉన్న విశేషం ఏమిటి? ఫుట్‌బాల్‌లోనో బాస్కెట్‌బాల్‌లోనో ప్రతిభ ఉన్న ఒక్కడు బంతిని తన దగ్గర పెట్టుకుని దూసుకుపోవచ్చు. వాలీబాల్‌లో బంతిని పట్టుకోకూడదు, ఒకే మనిషి వరుసగా రెండుసార్లు తాకకూడదు, మూడు స్పర్శల్లో అవతలికి పంపి తీరాలి. ఎంత గొప్పవాడైనా బంతిని మరొకరికి ఇచ్చేయక తప్పదు. కగెయామా సెట్టర్, అంటే మన ఊళ్ల కోర్టుల్లో లిఫ్టర్ అనే ఆటగాడు. మిడిల్ స్కూల్ చివరి మ్యాచ్‌లో అతను వెనక్కి బంతి ఎత్తుతాడు. కొట్టడానికి అక్కడ ఎవరూ ఎగరరు. అంత అందంగా ఎత్తిన బంతి నేల మీద పడి దొర్లుతుంది. కోచ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెడతాడు. కథ మొత్తంలో కగెయామాను వెంటాడే భయం అదొక్కటే. ఇప్పుడు కోర్టు తీసేయండి. ఆజ్ఞ ఇస్తే కదిలేవాడు లేని రాజు మిగులుతాడు. తాను పిలిస్తే వెనక ఎవరైనా ఉంటారో లేదో తెలియని సేనాపతి మిగులుతాడు. ఆ భయానికి వాలీబాల్ ఒక రూపం ఇచ్చింది, యుద్ధభూమి మరో రూపం ఇస్తుంది. ఈ సంగతి గ్రహించి రాసిన ఫాంటసీ కథల్లో మంత్రగాడి శక్తి ఎప్పుడూ ఒంటరిగా పనిచేయదు. అతను ఎత్తిన వెలుగును అందుకుని విసిరే చేయి ఇంకొకరిది. గ్రహించకుండా రాసినవి నీరసంగానే ఉంటాయి. అలాంటివి చాలా ఉన్నాయి, ఒప్పుకుంటాను. హినాటాను పుట్టుకతోనే ఎంపికైన మహావీరుణ్ణి చేసి, ఒంటిచేత్తో కోటలు కూల్పించే కథ హైక్యూ నుంచి పేర్లు మాత్రమే తీసుకుంది. అయితే ఆ నీరసాన్ని గుర్తుపట్టడానికి మనకు కొలబద్ద ఇచ్చింది వాలీబాల్ నియమమే. బంతి లేకపోయినా నియమం పనిచేస్తోందంటే ఆట పోలేదనే కదా అర్థం.

ఇక బలమైన ఆక్షేపణలకు వద్దాం. మొదటిది ఓటమి గురించి. జాతీయ పోటీల క్వార్టర్ ఫైనల్లో, కమొమెదాయ్ జట్టుతో మ్యాచ్ మధ్యలో, హినాటాకు జ్వరం వస్తుంది. కాళ్లు మాట వినవు. అప్పటిదాకా వందల పేజీలుగా మనం ప్రేమించిన కుర్రాడిని కోర్టు నుంచి బయటికి పంపేస్తారు. జట్టు ఓడిపోతుంది. జనాదరణ పొందిన మాంగాలో ఇంత కఠినమైన ఘట్టాలు చాలా తక్కువ. ఫాంటసీ లోకంలోనైతే మూలికో మంత్రజలమో ఇచ్చి లేపేస్తారని, శరీరం మన చెప్పుచేతల్లో ఉండదన్న సత్యం అక్కడ చచ్చిపోతుందని విమర్శకులంటారు. ఈ ఆక్షేపణకు విలువ ఉంది. కానీ ఆ ఘట్టం బలం ఎక్కడుందో చూడండి. జట్టు బాధ్యత చూసే తకెదా మాస్టారు హినాటాను ఓదార్చి ఊరుకోడు. ఇప్పుడు ఆగిపోవడం, తిని నిద్రపోవడం, మళ్లీ ఆడగలిగేలా శరీరాన్ని కాపాడుకోవడం కూడా ఆటలో భాగమేనని నచ్చజెపుతాడు. తన ఆత్రం తన ఒంటి కంటే పెద్దదైపోయిందని హినాటా ఆ రోజు తెలుసుకుంటాడు. పెద్దయ్యాక రియోలో ఇసుక మీద రెండేళ్లు బీచ్ వాలీబాల్ ఆడుతూ బతికిన బతుకంతా ఈ జ్వరానికి అతనిచ్చిన జవాబు. వైద్యుడి శక్తికి హద్దు ఉన్న ఫాంటసీ లోకంలో, ఎవరి గాయం ముందు మాన్పాలో తేల్చుకోవాల్సిన చోట, ఈ జ్వరం మరింత కఠినంగా రాయవచ్చు. మూలికతో మూడు నిమిషాల్లో లేపేసే కథ చేతకాని కథ. ఆ చేతకానితనం ఆటల మాంగాల్లోనూ బోలెడంత ఉంది. విరిగిన కాలితో చివరి పాయింటు కొట్టే నాయకులను ఎంతమందిని చూడలేదు?

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. ఆటలో ప్రత్యర్థి శత్రువు కాడు. ఓడినవాడు ఇంటికెళ్లి, ఏడ్చి, సాధన చేసి, మళ్లీ వస్తాడు. ఇంటర్ హై అనే జాతీయ పోటీల అర్హత మ్యాచ్‌లో అఓబా జోసాయ్ చేతిలో ఓడిన కరాసునో, తర్వాత మరో జాతీయ పోటీల అర్హత మ్యాచ్‌లో అదే జట్టును ఓడిస్తుంది. ఫాంటసీలో మాత్రం రాక్షసరాజు చావాలి. మనిషిని దుష్టుణ్ణి చేయకపోవడమే ఆటల కథ ఇచ్చే సంస్కారం అనుకుంటే, ఓయికావాకు కొమ్ములు పెట్టడం ఆ సంస్కారాన్ని కాలరాయడమేనంటారు. ఈ భయం నిజమైనదే కానీ, ఊహాప్రపంచపు పాఠకుడు ఖాళీ మనసుతో రాడన్న సంగతిని ఇది మరిచిపోతుంది. ఓయికావా ఎవరో ఆ పాఠకుడికి ముందే తెలుసు. పైన ఎన్నడూ ఓడించలేకపోయిన ప్రత్యర్థి ఉషిజిమా అనే కొండ, కింద నుంచి తరుముకొస్తున్న కగెయామా అనే ప్రతిభ, మధ్యలో నలిగిపోతూ ఒంటరిగా సర్వులు సాధన చేసిన కుర్రాడు అతను. ఒకరోజు ఆ ఉక్రోషంలో కగెయామా మీద చేయెత్తబోతే స్నేహితుడు ఇవాయిజుమి అడ్డుపడి, తలతో గుద్ది, ఆరుగురు కలిస్తేనే జట్టని బుద్ధి చెప్పాడు. హైస్కూలు జీవితంలో ఒక్కసారి కూడా జాతీయ పోటీలకు వెళ్లలేకపోయిన ఆ మనిషి సముద్రాలు దాటి అర్జెంటీనా చేరి, చివరి అధ్యాయంలో ఆ దేశపు జెర్సీ వేసుకుని జపాన్ జట్టుకు ఎదురుగా నిలబడతాడు. ఇదంతా గుండెల్లో పెట్టుకుని వచ్చిన పాఠకుడికి సింహాసనం మీద కూర్చున్న రాక్షసరాజును చూపించండి. అతను చావాలని ఏ పాఠకుడు కోరుకుంటాడు? ఆ కోటలోకి వెళ్లేవాడికి కత్తి దూయడం తేలిక, మాట్లాడటం కష్టం. మామూలు ఫాంటసీలో దుష్టుడికి గతం కల్పించి జాలి పుట్టించాలంటే రచయిత నూరు పేజీలు ఖర్చుపెట్టాలి. ఇక్కడ గతం ముందే ఉంది, జాలి ముందే ఉంది. దుష్టుడు అనే పాత్రనే ప్రశ్నించగల అవకాశం ఈ రూపానికి పుట్టుకతో దక్కింది. ఆటల కథ నేర్పిన సంస్కారాన్ని ఫాంటసీలోకి మోసుకొచ్చింది ఈ పాఠకులే.

ఈ పాఠకులెవరో చెప్పకుండా ముందుకు పోలేను. ఔత్సాహికులు సొంతంగా అచ్చువేసుకున్న మాంగాలు అమ్ముకునే 'కోమికెట్' సంత 1975 డిసెంబరులో టోక్యోలో 32 బృందాలతో మొదలైంది. అమ్మాయిలే దాన్ని నిలబెట్టారు. 1981లో వచ్చిన ఫుట్‌బాల్ మాంగా 'కెప్టెన్ త్సుబాసా' మీద వాళ్లు రాసి గీసిన ప్రత్యామ్నాయ కథలు 80లలో ఆ సంతను ముంచెత్తాయి. తర్వాత ప్రపంచ ప్రఖ్యాతి పొందిన 'క్లాంప్' బృందం కూడా ఇలాంటి ఔత్సాహిక రచనలతోనే చేయి తిప్పుకుంది. కాలక్షేపమని కొట్టిపారేసే ఈ రచనలు ఒక తరం చిత్రకారిణులకు బడి అయ్యాయి. ఇందులో వాళ్లకు దొరికినది నైపుణ్యం ఒక్కటే కాదు. అబ్బాయిల హైస్కూలు జట్టు కథలో నియమాల ప్రకారమే అమ్మాయికి కోర్టులో చోటు లేదు. కియోకో ఎంత సమర్థురాలైనా మేనేజరే, యాచి ఎంత ధైర్యం తెచ్చుకున్నా పక్కన నిలబడి అరవాల్సిందే. యాచి వేసిన పోస్టర్ జట్టుకు విరాళాలు తెచ్చిపెట్టింది, పాయింట్లు మాత్రం తేలేదు. ఇది ఫురుదాతే లోపం కాదు, ఎంచుకున్న పోటీ హద్దు. ఫాంటసీ లోకంలో ఆ హద్దు లేదు. అక్కడ కియోకో సైన్యాన్ని నడిపించవచ్చు. ఊరివాసి బి తన ఊరి పొలిమేరలో నిజంగానే కాపలా కాయవచ్చు. మూలంలో హినాటా ఆమెకు ఇచ్చిన మాట ఈ లోకంలో అక్షరాలా నెరవేరుతుంది.

ఒకరు సృష్టించిన పాత్రలను మరొకరు వేరే లోకానికి తీసుకుపోవడమే తప్పన్న మాట మాత్రం తెలుగువాళ్లం అనగలిగింది కాదు. 1957లో కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్' కథ వ్యాసభారతంలో లేదు, కవిత్రయ భారతంలోనూ లేదు. అభిమన్యుడికీ శశిరేఖకూ పెళ్లి జరిపించింది జనం నోటి కథలూ నాటకాలూ. అయినా ఘటోత్కచుడు అనగానే మన కళ్లముందు మెదిలేది కురుక్షేత్రంలో కూలిన యోధుడి కంటే ముందు ఆ సినిమాలోని ఘటోత్కచుడే. ఆటల మాంగా కూడా ఇలాంటి ప్రయాణాలకు కొత్త కాదు. పైన చెప్పిన 'క్యోజిన్ నో హోషి'నే 2012లో బేస్‌బాల్ తీసేసి క్రికెట్ పెట్టి, ముంబయి కుర్రాడి కథగా 'సూరజ్: ది రైజింగ్ స్టార్' పేరుతో హిందీలో మన టీవీకి తెచ్చారు. ఆటనే మార్చేసినా తండ్రి కఠిన శిక్షణ, పేదరికం, ధనిక ప్రత్యర్థి అన్నీ అలాగే నిలిచాయి. ఒక ఆట స్థానంలో మరో ఆట రావచ్చునని ఒప్పుకున్నవారు, ఆ స్థానంలో ఒక సాహసయాత్ర వస్తే ఎందుకు ఉలిక్కిపడాలి?

మిగిలింది అమ్మకాల మాట. కొమ్ములూ అంగీలూ వేసుకున్న ఓయికావా బొమ్మలు, కార్డులు కొనేవాళ్లున్నారు కనుకనే ఇదంతా పుట్టిందంటారు. అమ్ముకుంటున్న మాట నిజం. కానీ మూలకథ కూడా ప్రతి వారం పాఠకులు పంపే అభిప్రాయ కార్డుల లెక్క మీద బతికింది. షోనెన్ జంప్‌లో ఆ లెక్క తప్పిన కథను నిర్దాక్షిణ్యంగా ఆపేస్తారు. డబ్బు తాకిందని ఒకదాన్ని కొట్టేస్తే రెండోది కూడా పోతుంది. డబ్బు ఆశ లేకుండా ఈ ఊహాప్రపంచంలో రాస్తున్నవాళ్లు చాలామంది ఎవరిని ఎంచుకుంటున్నారో చూస్తే ఈ ఆరోపణ మరీ తేలిపోతుంది. కరాసునో రెండో సంవత్సరం విద్యార్థి కినొషితాను తీసుకోండి. జాతీయ పోటీల్లో ఇనారిజాకితో మ్యాచ్‌లో ఒక్క సర్వు కోసం అతన్ని దింపుతారు. ఆ సర్వు ఫలించదు. తిరిగి పక్కకు వెళ్లి నిలబడతాడు. తర్వాత తోటి ఆటగాడు నిషినోయా తడబడుతున్న వేళ, ముందుకు రమ్మని అతను పక్క నుంచి వేసిన ఒక్క కేకతో పాయింటు నిలుస్తుంది. 402 అధ్యాయాల్లో అతనికి దక్కిన పెద్ద ఘట్టం ఇంతే. అతని బొమ్మలు అంగళ్లలో ఎగబడి కొనరు. అయినా కినొషితా లాంటి వాళ్లకు ఒక దండయాత్రలో చోటిచ్చి, వాళ్ల వైపు నుంచి కథ చెప్పే రచయితలున్నారు. నెట్‌కు అటూ ఇటూ ఆరుగురికే చోటున్న కోర్టులో ఆ కథకు జాగా లేదు. దాన్ని రాయడానికి వాళ్లకు కోర్టు కంటే పెద్ద మైదానం కావలసి వచ్చింది, దాన్ని వాళ్లే కట్టుకున్నారు.